అడిగే నోటికి తాళమెందుకు?

మన వాడల్లో దేవుని మీద అనుమానం వచ్చిన పిల్లలకు రెండు వైపుల నుంచి దెబ్బలు పడుతున్నయి. ఒక దెబ్బ చర్చి లోపల: "ప్రశ్నలడుగుడు సైతాను బుద్ధి. మోకాళ్లూని ప్రార్థన చెయ్యి, అనుమానం అదే పోతది." ఇంకో దెబ్బ చర్చి బయట: "మీ తాతలు పాలపొడికి, గోధుమరవ్వకు మతం మారినోళ్లు. మీకు నమ్మకమేంది, అనుమానమేంది?" లోపలి పెద్దమనిషి నోరు మూసుకొమ్మంటడు. బయటి పెద్దమనిషి అసలు మీకు నోరే లేదంటడు. ఈ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటరు గాని, ఒక్క సంగతిలో ఇద్దరిదీ ఒకే మాట: దళితుడు ఆలోచించి నమ్మినవాడు కాడు, ఆలోచించి నమ్మే అవసరం కూడా వాడికి లేదు.

ఈ ఇద్దరికీ జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము బడిపంతుళ్లం. మా ఇండ్లల్ల మాకంటే ముందు డిగ్రీ చదివినోళ్లు లేరు. కల్వకుర్తి చుట్టుపక్కల వాడల్లో పుట్టి, సండే స్కూల్లో పాటలు నేర్చి, అంబేడ్కర్ సంఘాల్లో మాట నేర్చినవాళ్లం. పంతుళ్లుగా మాకు తెలిసిన సంగతి ఒకటుంది. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టే పంతులుకు పాఠం రాదని అర్థం. పాఠం వచ్చిన పంతులు ప్రశ్న వస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటడు. బడికి చెల్లే ఈ సూత్రం గుడికి ఎందుకు చెల్లదు?

వాడల్లో అనుమానించేవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, "దేవుడు అందర్నీ సమానంగా పుట్టిస్తే మనల్ని ఊరి బయట ఎందుకు పుట్టించిండు?" అని అడిగే పిల్ల. గుంపు మేస్త్రీ వెంట పుణె, బొంబాయి పోయి, కాలు విరిగి తిరిగొచ్చి, "ప్రార్థన చేస్తే నయమైతదన్నరు, కాలేదు, నా విశ్వాసం తక్కువంటున్నరు" అని తలకాయ దించుకునే పాలమూరు లేబరు. అంబేడ్కర్ పుస్తకాలు చదివి, "చర్చి మనల్ని మెత్తబరిచింది" అనే యువకుడు. వీళ్లెవరూ పోట్లాడి పోవడం లేదు. చప్పుడు చెయ్యకుండ వెనక వరుసకు, అక్కణ్ణుంచి గుమ్మం దగ్గరికి, అక్కణ్ణుంచి బయటికి పోతున్నరు. వాళ్లను ఆపమని మేము అనడం లేదు. అడగకుండ పోవద్దని మాత్రం అంటున్నం. అట్లనే, అడగకుండ లోపల ఉండొద్దని కూడా అంటున్నం.

పాలపొడి కథ ఎవరు కట్టిండ్రు?

ముందు బయటి పెద్దమనిషి లెక్క చూద్దాం. తెలుగునేలలో మాదిగల మతమార్పిడి కథ ఎక్కడ మొదలైంది? ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో తోళ్ల వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పెరయ్య అనే మాదిగతో. ఆయన ఆకలికి వచ్చినవాడు కాదు. క్రీస్తు పేరు వినకముందే సత్యం ఏదని వెతుక్కుంటూ గురువుల దగ్గర రాజయోగం నేర్చినవాడు. వ్యాపారానికి ఉత్తరాదికి పోయినప్పుడు యేసు మాట విన్నాడు, దాన్ని తన యోగంతో పోల్చి చూసుకున్నాడు, తన ప్రశ్నకు జవాబు అక్కడ ఉందనుకున్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నరు. ఆ తర్వాత ఊరూరూ తిరిగి చెప్పింది ఆయనే. దొర వచ్చి మార్చలేదు, మన మనిషే వెతికి తెచ్చుకున్నాడు. ఈ సంగతి తెల్లదొరల పుస్తకాల్లోనే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఇక కరువు లెక్క. 1876 నుంచి 1878 దాకా దక్కన్‌ను మాడ్చిన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరారనే మాట పడొద్దని. కూలి అయిపోయింది, ధర్మం ఇచ్చేది అయిపోయింది, ఇక పెట్టడానికి ఏమీ లేదని చెప్పినంక జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. గంజి దొరికిన నెలల్లో ఆగినోళ్లు, గంజి అయిపోయినంక వచ్చిండ్రు. గంజికి అమ్ముడుపోయినోళ్ల లెక్క గిట్ల ఉంటదా?

ఇంకో సంగతి. ఒంగోలులో మిషను బడి పెట్టినప్పుడు అగ్రకులాలవాళ్లు తమ పిల్లల్ని పంపారు, ఆదరించారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటారని తెలియగానే, వాళ్లుంటే మేముండమన్నరు. క్లౌ దంపతులు ఆ రాత్రి ఎవరి బైబిలు వాళ్లు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన ఒకే చోటు కనబడిందని వాళ్లే చెప్పుకున్నరు. లోకం తక్కువ చేసినవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట అది. ఆ చోటు అనుకోకుండ కనబడిందా, దేవుడే చూపాడా, అది మీరే విచారించుకోండి. చరిత్రలో జరిగింది మాత్రం ఇది: బడి కుర్చీల కన్నా మాదిగల చాపను ఎంచుకున్నరు, అగ్రకులాల పిల్లలు బడి విడిచిపెట్టారు. మతం మారితే ఏం లాభమని లెక్కలు వేసింది ఎవరో, లెక్క చూడకుండ చేరింది ఎవరో ఇక్కడే తెలుస్తది.

మన పాలమూరు, నల్లగొండ కథ కూడా ఇదే దారి. నిజాం రాజ్యం, గడీల కాలం, వెట్టి కాలం. 1885లో పాలమూరులో అమెరికన్ బాప్టిస్టులు, 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో. తర్వాత మెన్నొనైట్ బ్రదరన్ మిషను నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, మన కల్వకుర్తి దాకా వచ్చింది. మోటబొక్కెన కుట్టి, డప్పు కొట్టి, దొరకు వెట్టి చేసి, తలెత్తి చూడనివ్వని బతుకులో ఒక మనిషి చేతికి ఒక పుస్తకం వచ్చింది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం పోయమన్న ధర్మసూత్రం ఉన్న దేశంలో, "ఇది దేవుని మాట, నువ్వే చదువు" అని పుస్తకం చేతికి రావడం చిన్న సంగతి కాదు. చదువు వచ్చినంక ప్రశ్న రాకుండ ఎట్ల ఉంటది? చేతికి వచ్చిన పుస్తకాన్ని ప్రశ్నించొద్దనేవాడు ఆ సీసాన్ని మళ్లా కరిగిస్తున్నట్టే.

మనకు ఆలోచన లేదనే మాట చిన్నవాళ్లు మాత్రమే అనలేదు. 1936లో జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడు కలిసినప్పుడు, ఆవుకు సువార్త చెప్తారా, అంటరానివాళ్లలో కొందరి తెలివి అంతకన్నా తక్కువ అనే అర్థం వచ్చేటట్టు గాంధీగారు మాట్లాడారు. అది ఆయన సొంత పత్రిక 'హరిజన్'లోనే అచ్చయింది. దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ రోజుల్లోనే ఆ వాదాన్ని ఎదిరించాడు. తన సంఘాల్లోని మాల మాదిగలకు తెలిసే వచ్చారని వాదించాడు. మతం మార్చుకునే తెలివి మనకు లేదని చెప్పిన పెద్దలకు, మతం మార్చుకోకుండ పడి ఉండే తెలివి మాత్రం మనకు ఉన్నట్టు ఎట్ల తోచిందో!

కాబట్టి తమ్ముడూ, చెల్లె, నీ తాత పాలపొడికి అమ్ముడుపోలేదు. నీ తాత అడిగిండు, వెతికిండు, తేల్చుకున్నడు. నీకు అనుమానం వస్తే నువ్వు తాత దారి తప్పలేదు, తాత దారిలోనే ఉన్నవు.

బైబిల్లో నోరున్నోళ్లు

ఇప్పుడు లోపలి పెద్దమనిషి దగ్గరికి పోదాం. అయ్యగారూ, ప్రశ్న సైతానుదని మీరు ఏ పుస్తకంలో చదివిండ్రు? మీ చేతిలో ఉన్న పుస్తకంలోనైతే ప్రశ్నించినోళ్లే పేరుపేరున ఉన్నరు.

బావి దగ్గర సమరయ స్త్రీ. యేసు నీళ్లడిగితే ఆమె వెంటనే ఇచ్చిందా? లేదు. నువ్వు యూదుడివి, నేను సమరయదాన్ని, నా చేతి నీళ్లు నీకెట్ల పనికొస్తయి అని ముందు కులం లెక్క తేల్చమంది. నీళ్లు, బావి, అంటు, ముట్టు... ఇది మన వాడ కథ. ఊరి బావి మెట్ల మీద మన తల్లులు దూరంగ నిలబడి, ఎవరైనా పోస్తరా అని చూసిన కథ. ఆ తర్వాత ఆమె దేవుణ్ణి ఎక్కడ కొలవాలె, ఈ కొండ మీదనా, యెరూషలేములోనా అని వాదన పెట్టింది. యేసు ఆమెను గద్దించలేదు. కూర్చొని జవాబిచ్చిండు. యోహాను సువార్తలో యేసు ఒక్క మనిషితో చేసిన పొడుగు సంభాషణల్లో అదొకటి. ఆ మనిషి వెలివేసిన జాతి ఆడమనిషి.

సురోఫెనిక స్త్రీ ఇంకా గట్టిది. బిడ్డకు బాగు చెయ్యమని వస్తే, పిల్లల రొట్టె కుక్కలకు వెయ్యరాదని మాట వచ్చింది. ఆమె ఏడ్చి వెనక్కు పోలేదు. బల్ల కింద కుక్కలు కూడా ముక్కలు తింటయి కదా అని తిరిగి జవాబు చెప్పింది. ఆ మాటకే నీ బిడ్డ బాగైంది పో అన్నాడు. కుక్క అనే మాట విన్న మన జాతికి ఈ కథ ఎంత దగ్గరిదో ఆలోచించండి. ఆ మాటను సాఫు చేసి, తుడిచి, "అది పరీక్ష మాత్రమే" అని పైపైన చెప్పి దాటెయ్యొద్దు. ఆ మాట నొప్పి పెడుతుందని ఒప్పుకోండి. నొప్పి పెట్టిన మాటకు ఒక తక్కువజాతి తల్లి ఎదురు మాట చెప్పి గెలిచిందని, ఆ గెలుపును సువార్త దాచకుండ రాసిందని చెప్పండి. అప్పుడు మా పిల్లలు వింటరు.

తోమాను మనం అవిశ్వాసి తోమా అని తిట్టుకుంటం. పాపం, తోమా ఏమడిగిండు? మేకుల గాయాలు చూడందే నమ్మనన్నాడు. యేసు ఏం చూపిండు? కిరీటం చూపలేదు, సింహాసనం చూపలేదు. గాయాలు చూపిండు. అనుమానించిన మనిషికి దేవుడిచ్చిన రుజువు దెబ్బ తిన్న ఒళ్లు. దెబ్బ తిన్న ఒళ్లు మన వాడలో ఎన్ని లేవు?

అసలు అనుమానం అక్కడే ఉంది. పుస్తకంలో ఆరు రోజుల సృష్టి సైన్సుకు కుదురుతదా లేదా అనేది కాలేజీ పిల్లల ప్రశ్న, అదీ అడగాల్సిందే. కాని వాడ ప్రశ్న వేరు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను తరిమి తరిమి చంపినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి పంటకాలువల్లో పడేసినప్పుడు దేవుడెక్కడ ఉన్నడు? ఆ చచ్చినోళ్లలో ఆదివారం ఆదివారం పాట పాడినోళ్లు లేరా? చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. మనుషుల కోర్టు సంగతి అది. దేవుని కోర్టు సంగతేంది?

ఈ ప్రశ్నకు మా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఉందని చెప్పే పాస్టరును నమ్మొద్దు. "అంతా దేవుని చిత్తం" అనే మాట దొర నోట్లోంచి వస్తే మోసం, అయ్యగారి నోట్లోంచి వస్తే ఇంకా పెద్ద మోసం. మేము చెప్పగలిగింది ఒకటే. సిలువ మీద వేలాడిన మనిషి కూడా ఈ ప్రశ్ననే అరిచిండు, నన్నెందుకు విడిచిపెట్టినవని దేవుణ్ణే అడిగిండు. ఊరి బయట, రాజ్యం చేతిలో, మత పెద్దల సంతకంతో చంపబడ్డ మనిషి అడిగిన ప్రశ్న అది. దేవుడనేవాడు ఉంటే, ఆ ప్రశ్నకు పైన కూర్చున్నడా, ఆ ప్రశ్న లోపల ఉన్నడా? క్రైస్తవం చెప్పే జవాబు లోపల ఉన్నడని. అది నిజమా కాదా అనేది ఊరికే తలాడించి తేలే సంగతి కాదు. జీవితమంతా తన్నులాడి తేల్చుకోవాల్సిన సంగతి. అందుకే అంటున్నం, ఈ విశ్వాసం ప్రశ్న నుంచి పుట్టింది. ప్రశ్నను చంపితే ఇది కూడా చస్తది.

యోబును చూడండి. స్నేహితులు వచ్చి నీ పాపానికే నీకీ గతి అన్నరు. యోబు ఒప్పుకోలేదు, దేవునితోనే కేసు వేస్తనన్నడు. చివరకు దేవుడు తప్పు పట్టింది ఎవర్ని? ప్రశ్నించిన యోబును కాదు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని ఓదార్చిన స్నేహితులను. కాలు విరిగిన కూలివాడికి "నీ విశ్వాసం తక్కువ" అని చెప్పే అయ్యగార్లు ఆ స్నేహితుల వరుసలో కూర్చున్నరని గుర్తుపెట్టుకోవాలె.

మాలచర్చి, మాదిగచర్చి, రెడ్డిచర్చి

ఇక మన ప్రశ్నల్లో మొదటి ప్రశ్న చర్చికే. క్రీస్తులో కులం లేదని ప్రసంగం చెప్పి, పెండ్లి సంబంధం దగ్గర కులం అడిగేది ఎవరు? మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు, రెడ్డి క్రైస్తవుల బల్ల వేరు. ఒక్క రొట్టె అని చెప్పి విరిచి, విరిచిన చేతులతోనే సమాధుల దొడ్డికి నడుమ గోడ కడితే ఆ రొట్టె ఎట్ల అరుగుతది? సంఘం ఎన్నికలొస్తే మిషను ఆస్తుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే పెద్దలకు, వాడలో అట్రాసిటీ జరిగితే పోలీసు స్టేషను మెట్లు ఎక్కే తీరిక ఎందుకు ఉండదు? టీవీలో స్వస్థత, బస్టాండు గోడల మీద అద్భుతాలు, కూలి చేసే అమ్మ కొంగుముడి విప్పి దశమభాగం. ఆ దశమభాగంలో వాడ పిల్లల చదువుకు ఎంత పోతున్నదో లెక్క చెప్పమని అడగడం పాపమా? ఆడవాళ్లే సగానికి పైన ఉండే సంఘాల్లో కమిటీ బల్ల దగ్గర ఆడవాళ్లు ఎంతమంది కూర్చుంటున్నరు?

ఈ ప్రశ్నలు మావి కావు, బాబాసాహెబ్‌వి. మతం మారినవాడి పరిస్థితి మీద అంబేడ్కర్ ప్రత్యేకంగా రాశాడు. మిషనరీలు అంటరానివాళ్లకు బడి, ఆస్పత్రి ఇచ్చిండ్రు గాని కులాన్ని ఎదిరించే పోరాటం నేర్పలేదని, కష్టాలకు మూలం లోకంలోని అన్యాయమని చెప్పకుండ మనిషి పాపమని చెప్పడం వల్ల క్రైస్తవ దళితుడు చల్లబడ్డాడని ఆయన ఆరోపణ. 1938 మొదట్లో షోలాపూర్‌లో క్రైస్తవుల సభలో మాట్లాడుతూ ఆయన బుద్ధుడి మీద, క్రీస్తు మీద గౌరవం చెప్పి, అదే నోటితో దక్షిణాది చర్చిల్లో కులం పాటించడాన్ని, క్రైస్తవులు రాజకీయంగా వెనకబడడాన్ని ఎత్తి చూపాడు. ఇది శత్రువు తిట్టు కాదు, దగ్గరిదాకా వచ్చి చూసిన మనిషి ప్రశ్న. ఎనభై ఏండ్లు దాటింది. చర్చి ఇంకా జవాబు బాకీ ఉంది.

రిజిస్టరులో ఒకటి, గుండెలో ఒకటి

పంతుళ్లుగా మేము రోజూ చూసే సంగతి ఇది. బడిలో చేర్చేటప్పుడు మతం అనే గడి దగ్గర తల్లి నోరు ఆగిపోతది. ఇంటి గోడ మీద సిలువ బొమ్మ ఉంటది, నోట్లో "హిందూ" అనే మాట వస్తది. ఆ తల్లిని అబద్ధాలకోరు అనేవాడు ముందు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చదవాలె. షెడ్యూల్డు కులాల జాబితాకు మూడో పేరా పెట్టి, హిందువు కానివాడు ఎస్సీ కాదన్నరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచిండ్రు. క్రైస్తవ, ముస్లిం దళితులకు తెరవలేదు. మన దగ్గర మతం మారిన ఎస్సీలను బీసీ-సి గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చిండ్రు. ఊళ్లో మాత్రం వాణ్ణి ఎవరూ బీసీ అని పిలవరు. ఏ పేరుతో పిలుస్తరో అందరికీ తెలుసు.

1985లో సుప్రీంకోర్టుకు వచ్చిన సూసై కేసు ఏంది? మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే దళిత క్రైస్తవుడు. ప్రభుత్వం చెప్పులు కుట్టే ఎస్సీలకు డబ్బాకొట్లు ఇస్తూ, క్రైస్తవుడివని ఆయనకు ఇవ్వలేదు. మతం మారినంక కూడా అంతే బాధ ఉందని రుజువు చూపలేదని కోర్టు కొట్టేసింది. అదే పని, అదే తోలు, అదే సూది, అదే రోడ్డు. దేవుడు మారినందుకు డబ్బాకొట్టు పోయింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసెయ్యాలని చెప్పింది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ గారితో ఇంకో కమిషన్ వేసిండ్రు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024లో సుప్రీంకోర్టు రిజర్వేషన్ కోసం మాత్రమే మతం పేరు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మతం మారినవాడు అట్రాసిటీ చట్టాన్ని వాడుకోలేడంది.

విశ్వాసానికీ దీనికీ సంబంధమేందని అడగొద్దు. చాలా ఉంది. వాడలో అనుమానం మొదలయ్యేది ఈ గడి దగ్గరే. "నా దేవుడి పేరు బయటికి చెప్పలేని నమ్మకం నమ్మకమేనా?" అని ఇంటర్ పిల్లవాడు మనసులో నలుగుతున్నడు. ఆదివారం అబద్ధమాడొద్దనే ప్రసంగం విని తల దించుకుంటున్నడు. ప్రసంగం చెప్పే అయ్యగారికీ ఈ సంగతి తెలుసు, వినే సంఘానికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. ఈ మౌనమే మన విశ్వాసాన్ని లోపలి నుంచి చెద తిన్నట్టు తింటున్నది. బయటపెట్టండి. ఇది నీ పాపం కాదు బిడ్డా, నీకు దేవుణ్ణి ఎంచుకునే హక్కూ అన్నం తినే హక్కూ రెండూ ఒక్కసారి ఇవ్వని రాజ్యం పాపం అని గుడిలో నిలబడి చెప్పండి. మూడో పేరా తీసెయ్యమని కలెక్టరాఫీసు ముందర నిలబడి కూడా చెప్పండి. ఆ రోజు మన పిల్లలకు సత్యం అనే మాట మీద మళ్లా గురి కుదురుతది.

ఉద్యమ మిత్రులకు ఒక మాట

మతం మత్తుమందు, వదిలెయ్యండి అనే హేతువాద మిత్రులున్నరు. బుద్ధుని దారి ఒక్కటే దారి అనే అన్నలున్నరు. వాళ్ల మీద మాకు పగ లేదు. కాని అంబేడ్కర్‌ను చూసి ఒకటి నేర్చుకోవాలె. 1935 అక్టోబరులో యేవలాలో హిందువుగా చావనన్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. నడుమ 21 ఏండ్లు. ఆ 21 ఏండ్లు అన్ని మతాలనూ తిరగేసి, ప్రశ్నించి, తూకం వేసిండు. ఆయన చేరిన చోటు ఒక్కటే పట్టుకుని, చేరడానికి నడిచిన దారిని వదిలేస్తే ఎట్ల? వెక్కిరింపు ప్రశ్న కాదు. పుస్తకం తెరవకుండ పారేసినవాడు, తెరవకుండ మొక్కినవాడు ఇద్దరూ ఒకటే.

మన జాషువా ఉన్నడు. 1941లో 'గబ్బిలం' రాసి, గుడిలోకి రానివ్వని దేవుడికి గబ్బిలంతో మొర పంపించిండు. ఆ జాషువానే 'క్రీస్తుచరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నడు. దేవుణ్ణి నిలదీసిన చెయ్యే క్రీస్తు కథ రాసింది. ఆ రెండూ ఒక్క మనిషిలో ఇమిడినప్పుడు నీలో ఇమడవా?

ఇట్ల మొదలుపెట్టండి

ఊరికే వాదించి వదిలెయ్యడం మా పద్ధతి కాదు. ప్రతి వాడలో ఆదివారం సాయంత్రం ఒక గంట ప్రశ్నల కూటం పెట్టండి. మైకు వద్దు, డప్పు వద్దు, కానుక సంచి అసలే వద్దు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే. కూలికి పోయే బస్సులో రెండు మూడు రోజుల్లో అయిపోతది. చదువు రానోళ్లకు చదువు వచ్చినోళ్లు చదివి వినిపించాలె. ఒక్కొక్క అధ్యాయం దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ ఊరి బయట ఉన్నది ఎవరు? యేసు ఎవరి పక్కన నిలబడ్డడు? ఇది నిజమైతే మన వాడలో రేపు ఏం మారాలె?

ఆ కూటంలో అయ్యగారు కుర్చీ మీద గాక చాప మీద కూర్చోవాలె. ముందు ఆడవాళ్లు అడగాలె. ఎవరడిగినా ఎవరూ నవ్వొద్దు. "నాకు తెల్వదు" అనే జవాబుకు అక్కడ చోటుండాలె. చివరకు నాకు నమ్మకం కుదరలేదని పోయేవాడితో పొత్తు తెంపుకోవద్దు. వాడు మన తమ్ముడే, రేపు పోరాటంలో మన పక్కన నడిచేవాడే.

మార్కు సువార్త చివర ఒక సంగతి కనిపిస్తది. చాలా పాత ప్రతుల్లో ఆ పుస్తకం ఖాళీ సమాధి చూసి, వణికి, ఎవరికీ చెప్పకుండ పారిపోయిన ఆడవాళ్ల దగ్గరే ఆగిపోతది. మిగతా వచనాలు తర్వాత చేరినవని మంచి బైబిళ్లలో కింద గుర్తు పెట్టి ఉంటది. ఈ సంగతి పిల్లలకు దాచొద్దు. దాచితే రేపు ఇంకెవడో చెప్పి, మీరు మోసం చేసిండ్రంటడు. మత్తయి సువార్త చివరన కూడా చూడండి. లేచిన యేసు కొండ మీద కనబడితే శిష్యులు మొక్కిండ్రు, వాళ్లలో కొందరు అనుమానించిండ్రని రాసి ఉంది. ఆ అనుమానించినోళ్లను పక్కకు జరగమనలేదు. మొక్కినోళ్లతో పాటు వాళ్లను కూడా లోకంలోకి పంపిండు.

అయ్యగార్లారా, ఆయన వెళ్లగొట్టని వాళ్లను మీరు వెళ్లగొట్టొద్దు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆయన అడగనిచ్చినప్పుడు మీరు అడగకుండ పోవద్దు. చెవిలో సీసం పోసే కాలం పోయింది. నోటికి తాళం వేసే కాలం కూడా పోవాలె. ఆ తాళం ఊరి పెద్దది గాని, సంఘం పెద్దది గాని, ఢిల్లీది గాని.

అడుగుదాం. అడిగి తేల్చుకుందాం. తేల్చుకున్నదాని కోసం నిలబడదాం.

జై భీం!